శిఖంలో దిగిన సైబీరియా

హైదరాబాద్ జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్‌లలో నీళ్లు వెనక్కి జరిగేకొద్దీ బయటపడే తడినేలే అడవి బాతుల ఆకలి తీరుస్తుంది. ఆ నేల మీదే అందరి కన్నూ పడింది.

హిమాయత్‌సాగర్ పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) 1763.5 అడుగులు. ఆ అంకెను జలమండలి ఇంజినీర్లు చూస్తారు. గేట్లు ఎప్పుడెత్తుతారోనని మూసీ ఒడ్డు బస్తీల వాళ్లూ చూస్తారు. అడవి బాతుల లెక్క వేరు. ఆ మట్టానికి దిగువన నీటి అంచు ఎక్కడికి జరిగిందన్నదే వాటికి కావాలి. వానలు వెళ్లిపోయి చలి మొదలయ్యాక నీళ్లు మెల్లగా వెనక్కి తగ్గుతాయి. ఒడ్డు వాలు తక్కువ కాబట్టి ఒక్క అడుగు దిగినా చాలా దూరం దాకా తడినేల తేలుతుంది. ఆ నేల అంచున జానెడు లోతు నీటిలో నాచు, గడ్డిగింజలు, మెత్తటి దుంపలు, నత్తలు, నీటిపురుగులు ఉంటాయి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షికి మొదట కావలసిన తిండి అదే.

తెలంగాణ పల్లెల్లో ఈ నేలను శిఖం భూమి అంటారు. చెరువు నిండితే నీటికింద ఉంటుంది, తగ్గితే రైతుకింద ఉంటుంది. ఏడాదిలో కొన్ని నెలలు పూర్తిగా మునుగుతుంది, కొన్ని నెలలు దూడలు మేస్తాయి, ఆ మధ్యలో వచ్చే చలికాలంలో బాతులు దిగుతాయి. నీళ్లు లేనప్పుడు చూసినవాడికి అది ఖాళీ స్థలంలా కనిపించడమే ఈ కథలో అసలు చిక్కు.

గండిపేట వెళ్లే జనం చాలామంది కట్ట మీద నిలబడి లోతు నీళ్లు చూసి, మొక్కజొన్న పొత్తు తిని తిరిగొస్తారు. కట్ట దగ్గర నీళ్లు లోతు. అక్కడ నీటికాకులు, మునిగి మేసే కొద్దిపాటి బాతులు తప్ప పెద్దగా ఏమీ దిగవు. పక్షులు చూడాలంటే అవతలి కొసకు, వాగు వచ్చి జలాశయంలో కలిసే వైపుకు వెళ్లాలి. చెరువు అక్కడ పల్చబడుతుంది. బాతుల సంత అక్కడే జరుగుతుంది.

పొద్దున ఆరున్నరకు

జనవరిలో హిమాయత్‌సాగర్ పైకొసన పొద్దున్నే నిలబడితే ముందు వినపడేదే ఎక్కువ, కనపడేది తక్కువ. మంచులోంచి ఎర్ర చిలువల ఈల వస్తుంది. అవి ఇక్కడి బాతులే, ఎక్కడికీ వలస పోవు. మంచు విడిచేకొద్దీ నల్లటి చుక్కలు తేలతాయి. నుదుటి మీద తెల్లటి నామంతో బొల్లికోళ్లు, వాటి వెనక బూడిదరంగు గుంపులు. బైనాక్యులర్ ఎత్తాక ఆ బూడిదరంగు నాలుగైదు రకాలుగా విడిపోతుంది.

సూదితోక బాతు మగది చాక్లెట్ రంగు తల, మెడ పక్కన తెల్లటి చార, వెనక పొడవుగా సాగిన తోక. అది ఒక్కసారిగా తల నీటిలోకి ముంచి నిలువునా తిరగబడుతుంది. తోక ఆకాశం వైపు, కాళ్లు నీటిలో తడబడుతూ, ముక్కుతో నేలను అందుకోవడానికి ప్రయత్నం. మెడ పొడవు కాబట్టి మిగతా బాతులకు అందని లోతులో గింజలు దానికి అందుతాయి. పక్కనే చిన్న బాతు గార్గనీ, మగదానికి కంటి పైన తెల్లటి కనుబొమ్మ, మెడ వెనక్కి దిగే దాకా. అది సాధారణంగా తిరగబడదు, ఎక్కువగా నీటి పైపొరనే మేస్తుంది. కొల్లేటి వాళ్లు పరజలని పిలిచే చిన్న బాతుల్లో ఇదీ ఒకటి. ఒకే మడుగులో నాలుగు రకాల బాతులు కొట్టుకోకుండా మేస్తున్నాయంటే ఒక కారణం ఈ మెడ పొడవుల తేడా. ఎవరి లోతు వారిది.

షొవెలర్లది ఇంకో పద్ధతి. ముక్కు చివర వెడల్పై చెంచాలా ఉంటుంది. దాని అంచుల్లో వందకు పైగా సన్నని పళ్లుంటాయి. నీటిని లోపలికి లాగి పక్కల నుంచి వదిలేస్తే కంటికి ఆనని జీవులు ఆ జల్లెడలో మిగిలిపోతాయి. నేను చాలాసేపు చూసేది వీటినే. ఒకటి తిరగడం మొదలుపెడుతుంది, దాని తోక వెంట రెండోది, దాని వెంట మూడోది, కాసేపట్లో పాతిక బాతులు ముక్కులు నీటికి ఆనించి గుండ్రంగా తిరుగుతుంటాయి. ముందున్న బాతు కాళ్లు కలియబెట్టిన నీళ్లు వెనక బాతు నోటికి తిండిగా వస్తాయి. ఏ బాతూ తల ఎత్తదు, తొందరపడదు.

అంతలో పిల్లిగద్ద వస్తుంది. గోధుమరంగు రెక్కలు కాస్త పైకెత్తి, తుంగ మీదుగా తక్కువ ఎత్తులో తేలుతూ వస్తుంది. బొల్లికోళ్లు ఒక్కచోటికి ముద్దగా చేరతాయి. షొవెలర్లు, గార్గనీలు నీటి మీంచి నిలువునా లేస్తాయి. మునిగి మేసే బాతులకు అలా లేవడం రాదు. వాటి కాళ్లు ఈదడానికి వీలుగా వెనక్కి ఉంటాయి కాబట్టి నీటి మీద కొంత దూరం పరుగెత్తి గాని గాలిలోకి ఎక్కలేవు. దూరం వల్ల రంగులు తెలియనప్పుడు ఈ లేచే తీరు చూసే ఏ జాతో సగం చెప్పెయ్యవచ్చు. గద్ద చాలాసార్లు ఉత్త చేతులతోనే పోతుంది. అది వెతికేది గుంపులో నీరసించిన ఒకదాన్ని.

ఆ గలాటా సద్దుమణిగాక థర్మకోల్ తెప్ప ఒడ్డుకు లాగుతున్న ఒక పెద్దాయనను అడిగాను.

"ఈసారి బాతులు తక్కువ దిగినట్టున్నయ్ గదా కాకా?"

"నీళ్లు దిగినంకనే అవి దిగుతయ్ బిడ్డా. చెరువు నిండుగుంటే ఇటు మొకం జూడయ్. మొన్న నీళ్లు జరిగినయ్, అగో, ఆ పక్క జూడు."

ఆయన చూపించిన పక్క తుంగ వెనక బురద మెరక మీద ఉల్లంకి పిట్టలు. చిన్నవి, గోధుమ రంగువి, బురద మీద కుట్టు మిషను సూదంత వేగంగా పొడుస్తున్నవి. వాటిలో లిటిల్ స్టింట్ అనే పిట్ట బరువు పాతిక గ్రాముల దాకా. గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ తీరపు మంచు మైదానాల్లో. అక్కడి నుంచి రెక్కల మీద వచ్చి రంగారెడ్డి జిల్లా బురదలో నిలబడింది.

చలికాలపు పెళ్లిచూపులు

కొత్తగా పక్షులు చూసేవాళ్లు అక్టోబరులో బాతులను చూసి నిరుత్సాహపడతారు. పుస్తకంలో ఉన్న రంగులు ఒక్కదానికీ ఉండవు, అన్నీ ఆడబాతుల్లా మట్టిరంగులో ఉంటాయి. తప్పు పుస్తకానిది కాదు. వేసవిలో జత పని అయిపోగానే మగబాతులు రంగు ఈకలు రాల్చేస్తాయి. రెక్క ఈకలు కూడా ఒక్కసారే రాలిపోయి కొన్ని వారాలు అసలు ఎగరలేవు. ఆ సమయంలో రంగు కనపడితే ప్రాణానికే ముప్పు కాబట్టి మట్టిరంగు కప్పుకుంటాయి. మన దగ్గరకు వచ్చాక, మన తిండి తిని మళ్లీ రంగు తెచ్చుకుంటాయి. డిసెంబరు చివరకు వాటిలో చాలా పుస్తకంలో బొమ్మల్లా అవుతాయి.

రంగు వచ్చాక అసలు విషయం మొదలవుతుంది. కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టే చోటే జత కడతాయి. బాతుల్లో చాలా జాతులు అలా కాదు, చలికాలం గడిపే చోటే జతను ఎంచుకుంటాయి. జనవరి, ఫిబ్రవరిలో ఒక ఆడబాతు చుట్టూ నలుగురు మగవాళ్లు మెడలు సాచి, తలలు వెనక్కి విరిచి, నీళ్లు చిమ్ముతూ తిరగడం కనిపిస్తుంది. జత కుదిరాక మార్చిలో తిరుగు ప్రయాణం. ఎటు పోవాలో నిర్ణయించేది ఆడబాతు. అది తాను పుట్టిన చోటికే పోతుంది, మగబాతు దాని వెంట పోతుంది. యూరప్ వైపు నుంచి వచ్చిన మగబాతు గండిపేటలో కుదిరిన సంబంధంతో సైబీరియాలో కాపురం పెట్టవచ్చు. చలికాలపు నీటిమడుగులో జరిగే ఈ ఎంపికతో దూరదూరపు గుంపులు కలుస్తాయి, జాతి రక్తం పలచబడకుండా ఉంటుంది. శిఖం భూమి విలువ ఎకరానికి ఎంత అని అడిగేవాళ్లకు నా జవాబులో ఈ విషయం కూడా ఉంటుంది.

ఇక పట్టెతల బాతు. తెల్లటి తల మీద వెనకగా రెండు నల్లటి పట్టెలు, పసుపు ముక్కు, బూడిదరంగు ఒళ్లు. మంజీరా జలాశయంలో ఎక్కువ, కొన్నేళ్లలో జంట జలాశయాల వైపూ దిగుతుంది. పగలు నీటి మధ్య మెరకల మీద కునుకు తీస్తుంది, చీకటి పడ్డాక పొలాల్లో గడ్డి మేస్తుంది. గుడ్లు పెట్టేది టిబెట్, మంగోలియా, కిర్గిజ్‌స్థాన్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర. అక్కడికీ ఇక్కడికీ మధ్య హిమాలయం ఉంది. ఒడిశాలోని చిలికాలో, తమిళనాడు కూంతన్‌కుళంలో, మంగోలియాలో ఈ బాతులకు ఉపగ్రహ పరికరాలు కట్టి శాస్త్రవేత్తలు వాటి వెంట పడ్డారు. ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తులో ఎగిరినట్టు నమోదైంది. అక్కడ గాలిలో మనిషి మెట్లెక్కడమే కష్టం. దాని రక్తంలోని హిమోగ్లోబిన్ మిగతా బాతుల కంటే గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఇంకా విశేషం, అది ఎప్పుడూ అంత ఎత్తులోనే ఉండిపోదు. కొండ దిగితే తానూ దిగుతుంది, ఎక్కితే తానూ ఎక్కుతుంది. కిందనున్న చిక్కటి గాలిని వాడుకుంటూ, ఎక్కువగా రాత్రి చల్లదనంలో, తెల్లవారుజామున ప్రయాణం చేస్తుంది. అనుకూలించే గాలి కోసం కాచుకోదు, తన రెక్కల బలం మీదే దాటుతుంది.

వరద కట్టిన చెరువులు

ఈ నీళ్లు పక్షుల కోసం కట్టినవి కావు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. వేలమంది పోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కడితే వరద అక్కడే ఆగుతుందన్నారు. మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద కట్టిన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆగింది, నగరానికి తాగునీరు దొరికింది, వాటితోపాటు ఎవరూ అడగకుండానే పక్షులకు చలికాలపు విడిది దొరికింది. కాస్త వెనక్కి వెళ్తే కాకతీయుల కాలం నుంచీ మన గొలుసుకట్టు చెరువులన్నీ ఇదే పని చేశాయి. నీటి మీద ఆధారపడిన పక్షికి దక్కన్ పీఠభూమి ఎండిపోయిన రాతినేల కాకుండా పోయిందంటే ఆ చెరువుల పుణ్యమే.

హిమాయత్‌సాగర్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే, 1931లో, సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆ తర్వాత 1980లో హైదరాబాద్‌లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 'పిట్ట' అనే పత్రిక నడిపింది. ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అనే పేరుతో ఉంది. ఆదివారాల పొద్దున నడుచుకుంటూ వీళ్లు రాసిపెట్టిన చిట్టాలు లేకపోతే ఈ చెరువుల్లో ఏ పక్షి ఎప్పుడు దిగేదో చెప్పే ఆధారమే ఉండేది కాదు. నీళ్లు ఎంత ఉన్నాయో రాసేందుకు ప్రభుత్వ శాఖ ఉంది. ఆ నీళ్ల మీద ఏముందో రాసింది సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చిన మనుషులు.

అంచు పోతే

1996లో వచ్చిన జీవో 111 జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో, 1.32 లక్షల ఎకరాల్లో పరిశ్రమలను, పెద్ద కట్టడాలను అడ్డుకుంది. ఈ జలాశయాల దగ్గర నూనె పరిశ్రమ పెట్టే విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో, కాలుష్యం వచ్చాక బాధపడటం కంటే రాకముందే ఆపడం మేలన్న సూత్రాన్ని న్యాయస్థానం ఎత్తిపట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలను ఎత్తేశారు. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, జంట జలాశయాల మీద ఆధారం తగ్గింది అన్నది ఆ రోజు చెప్పిన కారణం. తాగునీటి లెక్కలో అది నిజమే కావచ్చు. 84 గ్రామాల రైతులు పాతికేళ్లుగా తమ భూమికి ధర రాక నష్టపోయారన్నదీ కొట్టిపారేసే మాట కాదు, వాళ్లకు పరిహారం దక్కాలి. కానీ చెరువు విలువను తాగే లీటర్లలోనే కొలిస్తే 1908 మర్చిపోయినట్టే. 2020 అక్టోబరు వానలకు పదేళ్ల తర్వాత హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఒడ్డు బస్తీలు మళ్లీ చూశాయి, ఎగువన నీళ్లు పట్టే చోటు ఎందుకు కావాలో.

బాతుల వైపు నుంచి చూస్తే నష్టం మొదట జరిగేది చెరువు మధ్యలో కాదు, అంచున. లోతు నీళ్లను ఎవరూ పూడ్చరు. ఎండాకాలంలో బయటపడ్డ శిఖంలో ముందు ఒక లారీ మట్టి పడుతుంది. తర్వాత కడీలు నాటి కంచె వేస్తారు. తర్వాత ఫామ్‌హౌస్ గేటు. నాలుగేళ్లకు అక్కడ నీళ్లు వస్తే, చెరువు పొంగి ఇళ్లలోకి వచ్చిందని వార్త. నిజానికి చెరువు తన చోటికే వచ్చింది. మ్యాపులో నీలిరంగు దాదాపు అంతే ఉంటుంది, బాతుకు కావలసిన జానెడు లోతు మాత్రం మిగలదు.

మంచి ఉద్దేశంతో చేసే పనులూ అంచును మింగుతున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీయడంతో ఎన్నో ఊరి చెరువుల్లో మళ్లీ నీళ్లు నిలిచాయి. ఆ మేలును ఎవరూ కాదనరు. అయితే పూడిక తీసేటప్పుడు ఒడ్డుదాకా ఒకే లోతున తవ్వేస్తే నీళ్లు గోడకు ఆనుకున్నట్టు నిలబడతాయి. మినీ ట్యాంక్‌బండ్ పేరుతో చుట్టూ రాతి కట్టు, వాకింగ్ ట్రాక్, రంగురంగుల దీపాలు పెడితే వాలు ఉన్న ఒడ్డు పూర్తిగా పోతుంది. అక్కడ పడవ తిరుగుతుంది, బాతు దిగదు. రాత్రంతా దీపాలు వెలిగే చోట చీకట్లో మేసే పక్షి ఉండలేదు. చెరువుకు చుట్టూ మూడు వైపులా ఏం కట్టినా, వాగు వచ్చే నాలుగో వైపు మట్టి ఒడ్డును, తుంగను వదిలేయమని నేను ఏ మున్సిపాలిటీని అయినా అడుగుతాను. దానికి పైసా ఖర్చు లేదు.

చెట్ల మాటా చెప్పాలి. ఎర్ర చిలువ ఎక్కువగా చెట్టు తొర్రల్లో గుడ్లు పెడుతుంది. చిన్నపాటి తెల్లటి బాతు కాటన్ టీల్ కూడా అంతే. పొదిగిన మర్నాడు పిల్లలు అంత ఎత్తు నుంచి ఒకదాని వెంట ఒకటి దూకి, దెబ్బ తగలకుండా లేచి, తల్లి వెనక నీటికి నడుస్తాయి. ఒడ్డున ఎండిన మాను కనిపిస్తే లేఅవుట్ వేసేవాడు ముందు దాన్నే కొట్టేస్తాడు. ఆ మాను ఆ జంటకు ఏకైక ఇల్లు కావచ్చు.

వాలు ఒడ్డు కాపాడితే ఏం జరుగుతుందో చూడటానికి సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువు ఉంది. చుట్టూ నగరం కమ్ముకున్న ఈ చిన్న చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో నగరం మధ్య ఉన్న ఒక నీటివనరుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. గుర్తింపుతో బాధ తీరలేదు. మురుగు, ఆక్రమణలు అక్కడా ఉన్నాయి. అయినా కాగితం మీద హద్దు ఉండబట్టి పోరాడటానికి ఒక ఆధారం ఉంది.

వెళ్లేవాళ్లకు

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా వెళ్లండి. పొద్దుటిపూట తూర్పు ఒడ్డున నిలబడితే ఎండ వీపు మీద పడుతుంది, పక్షి వెలుగులో ఉంటుంది. 8x42 బైనాక్యులర్ చాలు. బూడిద, ఆకుపచ్చ బట్టలు వేసుకోండి. ఒక చోట అరగంట కదలకుండా కూర్చుంటే పక్షులు మిమ్మల్ని లెక్కచెయ్యడం మానేస్తాయి. బాతులన్నీ ఒక్కసారిగా తలలెత్తి మెడలు నిటారుగా పెట్టాయంటే మీరు ఎక్కువ దగ్గరకు వచ్చినట్టు. అక్కడే ఆగి రెండడుగులు వెనక్కి వెయ్యండి. మార్చిలో వేల కిలోమీటర్ల ప్రయాణానికి అవి దాచుకుంటున్న కొవ్వు, ఫొటో కోసం ఒకసారి లేపినప్పుడల్లా కొంత కరుగుతుంది. ఎండిన శిఖంలోకి జీపు తోలకండి. ఉత్తితి పిట్టల గుడ్లు ఆ నేల మీదే, గులకరాళ్ల మధ్య, గూడంటూ లేకుండా ఉంటాయి. డ్రోన్ అసలే వద్దు. బాతుకు అది గద్దే.

హైదరాబాద్‌కు దూరమైనవాళ్లు బెంగపడక్కర్లేదు. మంజీరా, పోచారం, కొల్లేరు పక్కన ఆటపాక, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, సూళ్లూరుపేట వైపు పులికాట్, నేలపట్టు ఉన్నాయి. ఉప్పలపాడు, నేలపట్టు ముఖ్యంగా గూళ్లు కట్టే పెద్ద పక్షులవి, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. బాతుల కోసమైతే మీ ఊరి చెరువు అవతలి కొస ముందు చూడండి. అక్కడ లేదనుకున్నది చాలాసార్లు ఎవరూ వెతకనిదే.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. మన దేశంలో ఇది 1987 నుంచి నడుస్తోంది. ఎవరైనా పాల్గొనవచ్చు, పక్షుల పేర్లన్నీ తెలియక్కర్లేదు, తెలిసినవాళ్ల పక్కన నిలబడి అంకెలు రాసేవాళ్లూ కావాలి. ఈ జనవరిలో మీ దగ్గరి చెరువు ఎంచుకుని వెళ్లండి. లెక్క రాసేటప్పుడు ఇంకో పని కూడా చెయ్యండి. ఎఫ్‌టీఎల్ హద్దురాయి ఎక్కడుందో చూసి, ఫొటో తీసి, తేదీ వేసి దాచండి. రాయి కనపడకపోతే ఎక్కడ ఉండాలో తహసీల్దారు కార్యాలయంలో అడగండి. వచ్చే ఏడాది అదే చోటికి మళ్లీ వెళ్లి చూడండి, రాయి అక్కడే ఉందో లేదో, బాతులు దిగాయో లేదో.